తెర మీద కారు, మైకులో లెక్క

మోటార్ రేసుల టీవీ కామెంటరీ మీద వచ్చిన ఉత్తరాలకి ఈసారి జవాబులు. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగిన చోట ఒక ప్రశ్నగా కలిపేశాం.

ప్రశ్న: ఫార్ములా వన్ ప్రసారంలో ఎప్పుడూ ఇద్దరు మాట్లాడుతుంటారు. క్రికెట్‌లో అయితే బంతికీ బంతికీ మధ్య తీరిక దొరుకుతుంది. ఇక్కడ గంటన్నర పాటు కార్లు ఆగవు కదా. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ముందే అనుకుంటారా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అనుకుంటారు. ఒకాయన రేసుని నడిపించే గొంతు. ఎవరు ముందున్నారు, ఎవరు ఎవర్ని దాటారు, ఎన్ని ల్యాపులు (ట్రాక్ చుట్లు) మిగిలాయి అన్నవి ఆయన చూసుకోవాలి. రెండో ఆయన, ఎక్కువసార్లు ఒకప్పటి డ్రైవరే, అది ఎందుకు జరిగిందో విప్పి చెబుతాడు.

స్టార్టు పూర్తిగా మొదటాయనదే. అయిదు ఎర్రదీపాలు సెకనుకొకటి చొప్పున వెలుగుతాయి. అయిదూ వెలిగాక ఎంతసేపటికి ఆరతాయో ఎవరికీ తెలియదు. ఆ కాస్త వ్యవధిలో నోరు కట్టేసుకోవడం తెలియాలి. దీపాలు ఆరకముందు మొదలుపెట్టిన వాక్యాన్ని ఆరాక ముగిస్తున్నాడంటే స్టార్టు చేజారినట్టే. అన్ని కార్లూ ఒకే మలుపులోకి దూరుతుంటే రెండు గొంతులు పనికిరావు కాబట్టి మొదటి ల్యాపు కూడా ఆయనకే వదిలేస్తారు. రీప్లే పడగానే రెండో ఆయన అందుకుంటాడు. రీప్లే అయిపోయి ప్రత్యక్ష దృశ్యం వచ్చిందా, తన వాక్యం సగంలో ఉన్నా సరే వదిలేస్తాడు. ఈ వదిలేయడం రానివాళ్లే ఎక్కువ.

బీబీసీలో మర్రే వాకర్, జేమ్స్ హంట్ జంట 1980 నుంచి 1993 దాకా సాగింది. ఇద్దరికీ కలిపి ఒకే మైకు. ఒకరు వదిలితేనే ఇంకొకరికి దక్కేది. వాకర్ నిలబడి ఊగిపోతూ చెప్పేవాడు. 1976 ప్రపంచ చాంపియన్ హంట్ చల్లగా, కాస్త విసుగ్గా, నచ్చని డ్రైవర్‌ని మొహమాటం లేకుండా కడిగేసేవాడు. ఆ తేడాయే ప్రాణం. ఇద్దరూ అరిచేవాళ్లయితే సంతలో ఉన్నట్టుంటుంది, ఇద్దరూ గొణిగేవాళ్లయితే నిద్ర పడుతుంది.

మొదటాయన మాటకి రెండో ఆయన అడ్డుపడాల్సిన సందర్భాలూ ఉంటాయి. 2008 నవంబరు 2, బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్. టైటిల్ కోసం హామిల్టన్‌కి అయిదో స్థానం చాలు. ఆఖరి ల్యాపుల్లో వాన పెరిగింది. ముందున్న కార్లు పిట్‌కొచ్చి (ట్రాక్ పక్కన టైర్లు మార్చే చోటు) వాన టైర్లు వేయించుకున్నాయి గానీ టొయోటా నడుపుతున్న టీమో గ్లాక్ పొడి టైర్ల మీదే ఉండిపోయాడు. వెటెల్ దాటేయడంతో హామిల్టన్ ఆరో స్థానానికి జారాడు. టైటిల్‌కి పోటీగా ఉన్న ఫెరారీ డ్రైవర్ మాసా రేసు గెలిచి గీత దాటాడు, ఫెరారీ గ్యారేజీలో గంతులు మొదలయ్యాయి. ఈలోపు వెనక తడిలో పాకుతున్నట్టు వెళ్తున్న ఒక కారు. అది గ్లాక్‌దేనా అని బ్రిటన్ ఐటీవీ కామెంటరీ బాక్సులోంచి రెండో ఆయన, మాజీ డ్రైవర్ మార్టిన్ బ్రండల్ గొంతు ఒక్కసారిగా లేచింది. ఆ కారుని దాటడంతో హామిల్టన్ అయిదో స్థానానికొచ్చాడు, 98–97 పాయింట్లతో టైటిల్ గెలిచాడు. ఇలాంటిది కంటిచూపుతో ఒక్కటే అందదు. పిట్‌కి రానివాళ్లెవరో వాన మొదలైనప్పుడే చీటీ మీద రాసుకుంటే, నెమ్మదించిన కారు కనబడగానే పేరు నోటికొస్తుంది. రాసుకోకపోతే ‘ఎవరో వెనకబడ్డాడు’ దగ్గరే ఆగిపోతాం.

ప్రశ్న: ఒక్కో టీముకి అచ్చు ఒకేలాంటి కార్లు రెండు. గంటకి మూడొందల కిలోమీటర్ల వేగంలో లోపల ఉన్నది ఎవరో ఎలా పోల్చుకుంటారు? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డ్రైవర్ తల వెనక, కారు మీద ఎత్తుగా కనిపించే కెమెరా గూడు చూడండి. టీములో ఒక కారుకి అది నల్లగా, రెండోదానికి మెరిసే పసుపు రంగులో ఉంటుంది. ఏ టీములో నలుపు ఎవరిదో రేసు ముందు రోజే బట్టీ పట్టాలి. తర్వాతది హెల్మెట్ రంగు. దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు, కొన్ని రేసులకి డ్రైవర్లు ప్రత్యేకమైన హెల్మెట్ పెట్టుకొస్తారు. కారు నంబరు మూడోది. 2014 నుంచి డ్రైవర్లకి స్థిరమైన నంబర్లు ఉన్నాయి గానీ పక్క నుంచి చూస్తే తప్ప సరిగా కనబడదు.

గురి తప్పకుండా ఉండాలంటే ముందు టీము పేరు, తర్వాత మనిషి పేరు. ‘ఫెరారీ జారింది... లెక్లెర్!’ అన్నప్పుడు మధ్యలో దొరికే సెకనులో టైమింగ్ తెర చూసుకోవచ్చు. పేరు తప్పు పడితే వెంటనే ‘కాదు, హామిల్టన్’ అని దిద్దుకుని ముందుకెళ్లాలి. వాకర్ పేర్లు తారుమారు చేసిన సందర్భాలు కోకొల్లలు, అయినా జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. తప్పుని కప్పిపుచ్చుకుంటూ మూడు వాక్యాలు లాగేవాడిని మాత్రం ఎవరూ క్షమించరు.

టైమింగ్ తెర అన్నాం కదా, దాని మీద ట్రాక్ మూడు ముక్కలుగా ఉంటుంది. ఊదా రంగు పడితే ఆ ముక్కలో అప్పటికి అందరికన్నా వేగం, ఆకుపచ్చ అయితే ఆ డ్రైవర్ సొంత రికార్డు, పసుపు అయితే తన వేగాన్నే అందుకోలేకపోయాడని. కామెంటేటర్ కళ్లు సగం సమయం ఈ తెర మీదే ఉంటాయి. ఒక కారుకి వరసగా పసుపులు పడుతున్నాయంటే టైర్లు అరిగాయో, ఇంజిన్ మొరాయిస్తోందో. బొమ్మలో అది తెలిసేసరికి ఇంకో రెండు ల్యాపులు పడుతుంది.

ప్రశ్న: 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (బ్యాటరీ కార్ల) రేసు దగ్గరుండి చూశాం. ముందుగా వచ్చినవాడు గెలిచాడని తెలిసింది, అంతే. ఇంటికొచ్చి టీవీ పెడితే మూడో స్థానంలో వేరే పేరుంది! గీత దాటినప్పుడే సరైన ఫలితం ఎందుకు చెప్పరు? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: గీత దాటినప్పుడు కనిపించే వరస తాత్కాలికం. ఆ రోజు సెబాస్టియన్ బ్యుయేమి మూడో స్థానంలోనే ముగించాడు. అనుమతించినదానికంటే ఎక్కువ పవర్ వాడినందుకు శిక్ష పడి 15వ స్థానానికి వెళ్లాడు, ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టా మూడోవాడయ్యాడు. ఆ సీజన్ కార్లకి రేసులో 300 కిలోవాట్లు, కాసేపు అదనపు పవర్ ఇచ్చే అటాక్ మోడ్‌లో 350 కిలోవాట్లు పరిమితి. దాన్ని దాటారా లేదా అన్నది సాంకేతిక అధికారులు కారు డేటా చూసి తేలుస్తారు. ఏ కెమెరాకీ చిక్కే విషయం కాదది.

మంచి కామెంటేటర్ ఇక్కడ మూడు మెట్లు వేరుగా చెబుతాడు. గమనించారు, విచారిస్తున్నారు, శిక్ష పడింది. మూడింటినీ కలిపి ‘ఏదో గొడవ జరిగినట్టుంది’ అని సరిపెట్టకూడదు. టైమ్ పెనాల్టీ పడిందంటే వెంటనే లెక్క కట్టాలి. మూడోవాడికి 5 సెకన్ల శిక్ష పడింది, నాలుగోవాడికన్నా 3.8 సెకన్లు ముందున్నాడు అనుకుందాం. అంటే ఇంకా 1.2 సెకన్లకి పైగా సంపాదించకపోతే పోడియం (మొదటి ముగ్గురు నిలబడే వేదిక) దక్కదు. ఈ ఒక్క మాట పది ల్యాపుల ముందే చెబితే, ఒంటరిగా వెళ్తున్న కారు కూడా చూడబుద్ధేస్తుంది.

ఫార్ములా ఈలో ఇంకో లెక్క కూడా ఉంది. పేరు పక్కన కనిపించే శాతం బ్యాటరీలో రేసుకి మిగిలిన శక్తి. 10 ల్యాపులు మిగిలి ఉండగా ముందున్నవాడికి 30, వెనకవాడికి 33 శాతం ఉంటే, ఒకడు ల్యాపుకి 3 శాతమే ఖర్చుపెట్టగలడు, రెండోవాడు 3.3. పదో వంతు ఎక్కువ. ముందున్నవాడు నేరుదారుల్లో ముందుగానే పెడల్ వదిలేయాల్సి వస్తుంది, వెనకవాడు అక్కడ మీదికొస్తాడు. హైదరాబాద్‌లో గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ శక్తి తక్కువ మిగిలి ఉండి కూడా నిక్ కాసిడీని చివరిదాకా ఆపాడు. మీరు నిలబడ్డ చోటి నుంచి చూస్తే రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి పోయినట్టే ఉండి ఉంటుంది. పోటీ అంతా ఆ శాతాల్లో ఉంది.

ప్రశ్న: వెనక ఎక్కడో జోరుగా పోటీ నడుస్తుంటే తెర మీద గ్యారేజీలో గోళ్లు కొరుక్కునే బంధువులు కనిపిస్తారు. కామెంటేటర్లు చెప్పి మార్పించలేరా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లేరు. ఫార్ములా వన్‌లో దృశ్యాలన్నీ ప్రపంచానికంతటికీ ఒకటే. ట్రాక్ దగ్గరి కెమెరాల బొమ్మలు ఇంగ్లండ్‌లోని బిగ్గిన్ హిల్ కేంద్రానికి చేరతాయి. ఏది చూపాలో తేల్చేది ఫార్ములా వన్ సంస్థ దర్శకుడు. ఛానెల్ వాళ్లు దాని మీద తమ గొంతు పెట్టుకుంటారు. మొనాకో మాత్రం చాలాకాలం స్థానిక టీవీ చేతుల్లో ఉండేది. 2021లో అక్కడ వెటెల్ పిట్ నుంచి బయటికొచ్చి గ్యాస్లీతో చక్రం పక్కన చక్రంగా కొండ ఎక్కుతుంటే, సరిగ్గా అప్పుడే బొమ్మ లాన్స్ స్ట్రోల్ మీదికి మారింది. ఆ రోజు ఇళ్లల్లో వినపడిన తిట్లు ఇక్కడ రాయలేం. 2023 నుంచి మొనాకో కూడా ఫార్ములా వన్ సంస్థే చేసుకుంటోంది.

ఇలాంటప్పుడు కామెంటేటర్‌కి మిగిలేది ఒక్క వాక్యమే. ‘ఇటు వెటెల్, గ్యాస్లీ పక్కపక్కన ఉన్నారు, వెటెల్ ముందుకొచ్చాడు’ అని చెప్పి తెర మీద ఉన్నదానికి తిరిగొచ్చేయాలి. కనిపించనిదాని మీద అరనిమిషం మాట్లాడితే రేడియో అయిపోతుంది, చూసేవాడికి మంట పుడుతుంది. మిగతాది రీప్లే వచ్చేదాకా మూటగట్టి ఉంచుకోవడమే.

ప్రశ్న: తెలుగులో కబడ్డీ, క్రికెట్ కామెంటరీ వింటూ పెరిగాం. మోటార్ రేసుకి తెలుగులో చెప్పాలంటే మాటలు చాలతాయా? అన్నీ ఇంగ్లిషేనా? – ఒక విద్యార్థి, కోవెంట్రీ, ఇంగ్లండ్

జవాబు: మాటలు చాలతాయి. ఇబ్బంది వాక్యంతో. మన క్రియ చివర్లో వస్తుంది. ‘మూడో మలుపు దగ్గర నోరిస్‌ని వెర్‌స్టాపెన్ లోపలి నుంచి దాటేశాడు’ అనేసరికి ఆ కారు అయిదో మలుపులో ఉంటుంది. అందుకని మైకు ముందు వాక్యాన్ని విరగ్గొట్టాలి. ‘దాటాడు! లోపలి నుంచి. నోరిస్ వెనక్కి.’ క్రియ ముందు, దారి తర్వాత, బాధితుడు ఆఖర్న. రచ్చబండ దగ్గర గొడవ గురించి చెప్పేవాడు సరిగ్గా ఇలాగే చెబుతాడు, కొత్తగా కనిపెట్టిందేం కాదు.

ల్యాపు, పిట్, టైరు, గేరు, సేఫ్టీ కారు, పోల్ పొజిషన్ (స్టార్టులో అందరికన్నా ముందు చోటు) అలాగే ఉంచండి. పోల్‌ని ‘ధ్రువస్థానం’ అంటే భూగోళం పాఠం అనుకుంటారు. దాటడం, జారడం, ఒరుసుకోవడం, తరమడం, అడ్డుకట్ట వేయడం, దారివ్వడం మన దగ్గరే ఉన్నాయి. కొన్ని మాటలతో మాత్రం జాగ్రత్త. కారు ట్రాక్ తప్పితే ‘పోయాడు’ అనకండి, వినేవాళ్ల గుండె ఆగుతుంది. ‘ట్రాక్ దిగాడు’ అనండి. ‘రిటైర్ అయ్యాడు’ అంటే ఉద్యోగ విరమణలా ఉంటుంది, ‘రేసు నుంచి తప్పుకున్నాడు’ నయం. ఇంజిన్ చెడితే కారుని కర్తగా పెట్టండి, మనిషి తప్పు చేస్తే మనిషిని పెట్టండి. ‘కారు ఆగింది’, ‘ఆలస్యంగా బ్రేకు వేశాడు’. తెలుగు ఈ తేడాని క్రియలోనే చూపిస్తుంది, వాడుకోకపోవడం నష్టం.

అండర్‌కట్ లాంటి మాటని అనువదించకండి, లెక్క చెప్పండి. ముందున్నవాడికీ వెనకవాడికీ సెకనున్నర తేడా. వెనకవాడు 18వ ల్యాపులో పిట్‌కొచ్చి కొత్త టైర్లు వేయించుకున్నాడు. అరిగిన టైర్లతో తిరుగుతున్న ముందువాడికన్నా ఆ ఒక్క ల్యాపులో రెండు సెకన్లు వేగంగా వెళ్లాడు. ముందువాడు 19లో పిట్‌కొచ్చి, అంతే సమయంలో టైర్లు మార్చుకుని బయటికొచ్చేసరికి అరసెకను వెనక ఉన్నాడు. ట్రాక్ మీద ఎవరూ ఎవర్నీ దాటలేదు, స్థానం మారింది. ఒక్కసారి ఇలా చెబితే తర్వాత అండర్‌కట్ అన్నా అందరికీ అర్థమవుతుంది. ఓవర్‌కట్ దీనికి తిరగేసిన బాపతు: పాత టైర్లింకా బాగుండి, ముందు ఖాళీ ట్రాక్ దొరికినవాడికే పనిచేస్తుంది.

అంకెలకి వచ్చేసరికి మన భాషే మేలు. అరసెకను, పావు సెకను, సెకనున్నర, రెండున్నర. ‘సున్నా పాయింట్ మూడు నాలుగు ఏడు’ ఎవరికీ బుర్రకెక్కదు. ‘సెకనులో మూడో వంతు’ చాలు. ఆ కాలాన్ని అప్పుడప్పుడూ దూరంగా మార్చి చెప్పండి. గంటకి 300 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 83 మీటర్లు పోతుంది. 0.3 సెకను తేడా అంటే 25 మీటర్లు, నాలుగైదు కార్ల పొడవు. అదే తేడా 60 కిలోమీటర్ల వేగంతో తిరిగే మలుపులో 5 మీటర్లే. నేరుదారిలో దూరంగా ఉన్న కారు మలుపులో అంటుకున్నట్టు కనిపించేది అందుకే. కొత్తగా చూసేవాళ్లు ‘దగ్గరికొచ్చేశాడు’ అని కేక పెట్టేది ఇక్కడే, కొత్త కామెంటేటర్లు కూడా.

ఇక తెలుగు కబడ్డీ కామెంటరీలో వినిపించే సినిమా డైలాగుల సంగతి. కబడ్డీలో ఒక రైడు 30 సెకన్లు, ఒక పంచ్ వేసి ఊపిరి పీల్చుకోవచ్చు. బహ్రెయిన్ రేసు 57 ల్యాపులు. డైలాగులు పదో ల్యాపుకే అయిపోతాయి, మిగతా నలభై ఏడింట్లో ఏం చెబుతారు?

ప్రశ్న: కామెంటేటర్ కావాలంటే రేసు కారు నడిపి ఉండాలా? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నడిపించే గొంతుకి అక్కర్లేదు. స్కై ఛానెల్‌లో 2012 నుంచి ఆ పని చేస్తున్న డేవిడ్ క్రాఫ్ట్ రేడియో నుంచి వచ్చినవాడు. రెండో కుర్చీకి మాత్రం నడిపిన చెయ్యి ఉంటే మేలు. చెన్నై డ్రైవర్ కరుణ్ చంధోక్ 2010లో హెచ్‌ఆర్‌టీ టీముకి ఫార్ములా వన్ నడిపాడు, ఇప్పుడు స్కైలో విశ్లేషకుడు. ఇద్దరి ల్యాపులు పక్కపక్కన పెట్టి, ఒకడు ఎక్కడ ముందుగా బ్రేకు వేశాడో, రెండోవాడు ఎక్కడ ముందుగా యాక్సిలరేటర్ తొక్కాడో వేలితో చూపిస్తాడు. డ్రైవరై ఉంటే చాలదు, ‘కారు బాగుంది, టీము కష్టపడింది’ అనే ఇంటర్వ్యూ భాష వదిలించుకోవాలి. చాలామంది మాజీలు అక్కడే చతికిలబడతారు.

ప్రశ్న: అంత మోతలో కామెంటేటర్ గొంతు అంత శుభ్రంగా ఎలా వస్తుంది? చెవిలో ఏం వింటుంటారు? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పాత పద్ధతి లిప్ మైకు. కోల్స్ 4104 అన్నది పేరుమోసిన రకం. దాని పైన ఉండే పట్టీని పై పెదవికి ఆనించి మాట్లాడాలి. నోటికీ మైకుకీ దూరం ఎప్పుడూ మారదు, దగ్గరి శబ్దాన్నే పట్టుకుంటుంది, దూరపు మోతని వదిలేస్తుంది. హెడ్‌సెట్ మైకు వాడేవాళ్లూ ఉన్నారు, చేతులు ఖాళీగా ఉంటాయని. పక్కన దగ్గు బటన్ ఉంటుంది, నొక్కినంతసేపు మైకు మూగ. చెవిలో ప్రసార శబ్దంతోపాటు ప్రొడ్యూసర్ గొంతు. ‘ప్రకటనకి పది, తొమ్మిది...’ అని ఆయన లెక్కపెడుతుంటే ఈయన వాక్యం తడబడకుండా సున్నాకి ముగించాలి. దీనికి ఇంట్లో చేయగల సాధన ఉంది: చెవిలో రేడియో వార్తలు పెట్టుకుని దినపత్రిక పైకి చదవండి. మొదటి వారం వార్తల్లోని మాటలు నోట్లోకొస్తాయి.

ప్రశ్న: పెద్ద ప్రమాదం జరిగితే రీప్లే చూపకుండా ఎటో తిప్పేస్తారు. దాచడం ఎందుకు? కామెంటేటర్లు కూడా మాట తగ్గించేస్తారు. – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: దాచడం కాదు. ఆ డ్రైవర్ ఇంట్లోవాళ్లు కూడా అదే టీవీ చూస్తుంటారు. డ్రైవర్ పరిస్థితి తెలిసేదాకా రీప్లే వేయకపోవడం ఫార్ములా వన్ ప్రసారాల్లో పద్ధతి. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో డ్రైవర్ గ్రోజాన్ కారు కంచెని చీల్చుకుని మండిపోయింది, ఆయన అరనిమిషానికి కాస్త తక్కువ సేపు మంటల్లో ఉన్నాడు. దూరం నుంచి మంట కనిపించింది, ఆ తర్వాత బొమ్మ మళ్లింది. ఆయన బతికి బయటపడ్డాడని చూపించాకే రీప్లేలు వచ్చాయి. ఆ తర్వాత వాటిని మళ్లీ మళ్లీ తిప్పడాన్ని తోటి డ్రైవర్ డేనియల్ రికార్డో తప్పుబట్టాడు. కాసేపట్లో రేసు మళ్లీ మొదలుపెట్టాల్సిన డ్రైవర్లు గ్యారేజీల్లో అవే బొమ్మలు చూస్తున్నారు మరి. ఆయన మాటతో మేమూ ఏకీభవిస్తాం.

1994 మే 1న ఇమోలాలో ప్రమాదానికి గురైన డ్రైవర్ సెన్నాకి చికిత్స చేస్తున్న దృశ్యాలు ప్రపంచ ప్రసారంలో దగ్గర నుంచి వస్తుంటే, బీబీసీ వాటిని వదిలేసి పిట్‌లో ఉన్న తన సొంత కెమెరాకి మారింది.

మైకు ముందున్నవాడు చెప్పాల్సినవి నాలుగే. ఏ కారు, ఏ మలుపు, ఏ జెండా, వైద్య కారు చేరిందా. గొంతు ఒక మెట్టు దించాలి, వేగం తగ్గించాలి. ‘ఏమీ కాలేదు’ అనకూడదు, ‘చాలా ఘోరం’ అనీ అనకూడదు, రెండూ తెలియనివే. తప్పెవరిదో ఆ పూట ఎత్తకూడదు. మిగతా సమయంలో మౌనం తప్పు కాదు.

ప్రశ్న: వానతో రేసు ఆగిపోతే గంటలకొద్దీ ఏం మాట్లాడతారు? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: 2011 కెనడా రేసు 4 గంటల 4 నిమిషాల 39 సెకన్లు పట్టింది, అందులో సుమారు రెండు గంటలు ఎర్రజెండా కిందే. చివరికి ఒక దశలో అందరికన్నా వెనకున్న డ్రైవర్ జెన్సన్ బటన్ ఆఖరి ల్యాపులో వెటెల్‌ని దాటి గెలిచాడు, మధ్యలో ఛానెల్ మార్చినవాళ్ల పాపం వాళ్లది. ఇలాంటి రోజుకి ముందే వాన చీటీ రాసుకోవాలి. ఆగి ఉండగా కారు మీద ఏం చేయొచ్చు, టైర్లు మార్చొచ్చా, ఎన్ని ల్యాపులైతే పాయింట్లు, గడియారం ఎప్పుడు ఆగుతుంది. మొత్తం రేసు గడువు ఇప్పుడు మూడు గంటలు కాబట్టి లెక్క కట్టడానికి ఓ అంకె ఉంది. ‘ఎప్పుడు మొదలవుతుందో చూడాలి’ అన్న వాక్యం గంటకి ఒక్కసారికి మించి వాడకండి.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో గో-కార్ట్ పోటీ. 12 కార్టులు, 20 ల్యాపులు. మైకు నాకిచ్చారు, యూట్యూబ్‌లో ప్రసారం కూడా చేస్తారట. ఎలా తయారవ్వాలి? – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు రోజు సాయంత్రం ప్యాడాక్‌లో (టీములు కార్టులు పెట్టుకునే చోటు) తిరిగి ఒక ఏ-4 కాగితం నింపండి. నంబరు, డ్రైవర్ పేరు, కాలేజీ, కార్టు రంగు, హెల్మెట్ రంగు. హెల్మెట్లు అరువు తెచ్చుకుంటారు, రేసు ఉదయం మళ్లీ సరిచూసుకోండి. పేరు ఎలా పలకాలో ఆ డ్రైవర్‌నే అడగండి. ఒక్కొక్కరి గురించి పనికొచ్చే ముక్క ఒకటి తెలుసుకోండి: నిన్న ప్రాక్టీస్‌లో చైన్ తెగింది, బ్రేకు డిస్కు మార్చారు, ఇలాంటివి. ‘కష్టపడే కుర్రాడు’ లాంటివి వద్దు.

అసలు ఆయుధం ల్యాపు పట్టిక. నిలువు గడులు 20, ల్యాపుకొకటి. స్టార్ట్ గీత దగ్గర స్నేహితుడిని కూర్చోబెట్టి, దాటుతున్న వరసలో నంబర్లు చదవమనండి, పక్కనే ఇంకొకరు గడిలో పైనుంచి కిందికి రాయాలి. మీరు రాయకండి, మీ కళ్లు ట్రాక్ మీద ఉండాలి. అయిదో ల్యాపు నుంచి చిక్కు మొదలవుతుంది: ముందున్నవాడు వెనకవాళ్లకి ఒక చుట్టు ఎక్కువ వేసేస్తాడు. అలా ఒక చుట్టు వెనకబడ్డ కార్టు లీడర్ ముందు వెళ్తుంటే ‘కొత్త లీడర్’ అని అరిచేస్తారు. కాలేజీ పోటీల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. వెనకబడ్డ నంబరు చుట్టూ సున్నా చుట్టమనండి. పట్టిక గందరగోళమైతే గీత కొట్టి, లీడర్ దాటగానే కొత్త గడి మొదలుపెట్టాలి. పోయిన ల్యాపుని వెతుక్కుంటూ కూర్చుంటే నడుస్తున్నదీ పోతుంది.

రెండు ల్యాపులకోసారి వరస మొదటి అయిదు పేర్లు చెప్పండి. యూట్యూబ్‌లో మధ్యలో వచ్చినవాడికి వేరే దారి లేదు. లీడర్‌కీ రెండోవాడికీ తేడాని ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఒకే స్తంభం దగ్గర కొలవండి. 6 సెకన్ల తేడా, ల్యాపుకి 0.4 చొప్పున తగ్గుతోంది, 10 ల్యాపులు మిగిలాయి అంటే నాలుగు సెకన్లే కోలుకుంటాడు, అందుకోలేడు. అప్పుడు కెమెరావాడికి మూడు నాలుగు స్థానాల పోటీ మీదికి వెళ్లమని సైగ చేయండి. స్పాన్సర్ల పేర్లు కార్టులు విడివిడిగా ఉన్నప్పుడే.

చేతి మైకు పెదవికి రెండు వేళ్ల దూరంలో, నోటి మూలకి పెట్టుకోండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా టప్పుమంటుంది. అరిస్తే శబ్దం పగులుతుంది, యాంప్లిఫయర్ ఉన్నది అందుకే. స్పీకర్ల ముందు నిలబడితే కీచుమంటుంది, వాటి వెనక చోటు చూసుకోండి. గోరువెచ్చటి నీళ్లు ఒక సీసా, పెన్సిళ్లు రెండు, కాగితాలు ఎగరకుండా క్లిప్ ఉన్న అట్ట ఒకటి. ఎండలో పెన్ను ఇంకు బాగానే ఉంటుంది, వాన చినుకులు పడితేనే పెన్సిల్ విలువ తెలుస్తుంది.